దరువు ఆగినచోట

లాండ్రీ మీది గది,
ఆదివారం పొద్దున

అక్కా,

వచ్చేసింది! ఫ్యాక్టరీ నుంచి అట్టపెట్టె వచ్చేసింది. కింద లాండ్రీ ఆయన సంతకం పెట్టి తీసుకుని, "ఒరే పాటలబ్బాయ్, నీకేవో పళ్ళాలొచ్చాయి రా" అని మెట్ల కింద నుంచి కేకేశాడు. ఆయనన్నదీ నిజమే, గ్రామఫోను రికార్డులు చూడ్డానికి పళ్ళాలే. నల్లగా, బరువుగా, నిగనిగలాడుతూ. పాటంటే ఫోన్ మీద వేలు ఆనిస్తే వచ్చేదే అయిపోయిన ఈ రోజుల్లో, నా పాటని రెండు చేతులతో అంచులు పట్టుకుని ఎత్తాల్సి వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు. పడేస్తానేమోనని భయమేసి మంచం మీద కూర్చునే విప్పాను.

నా ట్రాన్స్ పాటలు వినిపించినప్పుడల్లా "కింద బట్టల మిషను తిరుగుతోందా, నీ పాటే నడుస్తోందా?" అని వెక్కిరించేదానివి కదా. ఈసారి వెక్కిరించలేవు. దరువు అలా తిరిగి తిరిగి, ఇంక తట్టుకోలేం అన్నంత పెరిగి, టక్కున ఆగిపోతుంది. అంతా నిశ్శబ్దం. అప్పుడు నీ గొంతు. ఎండాకాలం మీరొచ్చినప్పుడు డాబా మీద ఆరేసిన దుప్పట్ల మధ్య చిట్టితో దాగుడుమూతలు ఆడావు చూడు, "ఇక్కడా లేవు... అక్కడా లేవు... ఎక్కడున్నావు నువ్వు?" అని, అదే. ఆ రోజు గాలి చప్పుడు కోసమని మైకు పెట్టాను, నువ్వు దొరికావు. నీకు వినిపిస్తే "నా గొంతేగా, వాడుకో, అరిగిపోతుందా" అన్నావు. ఇప్పుడు విన్నవాళ్ళంతా ఆ చోటు దగ్గరే ఆగిపోతున్నారు.

కంపెనీవాళ్ళ కాగితాల మీద సంతకాలు కూడా అయ్యాయి. దీని తర్వాత ఇంకో రెండు విడి పాటలు, సింగిల్స్ అంటారు, వాళ్ళకే, అవీ ఇలాగే ప్లేట్లుగా వస్తాయి. డాబా మీది ఆ మధ్యాహ్నపు రికార్డింగంతా వాళ్ళకి ఇచ్చేశాను. విడుదల రోజు హాల్లో నువ్వొచ్చి ఆ మూడు మాటలూ స్టేజీ మీద అనాలని వాళ్ళ పట్టు. రోజంతా రైళ్ళ రాకపోకలు చెప్పేదానివి, నీకు మైకు కొత్తా?

ఫోన్ చేస్తే బావే ఎత్తుతున్నాడు. ఒకసారి స్నానం, ఒకసారి డ్యూటీ, ఒకసారి నిద్ర. "ఇంతకీ మా అక్క నీ దగ్గరే ఉందా బావా?" అంటే నవ్వాడు గానీ, అది బావ నవ్వులా లేదు. ఏంటి, మీరిద్దరూ పోట్లాడుకున్నారా?

ప్లేటుతో పాటు కొత్త ముల్లు కూడా పంపిస్తున్నా. అటక మీది నాన్న ప్లేయరు దించు.

నీ చిన్నోడు


స్టేషన్ క్వార్టర్స్, పై వాటా,
శుక్రవారం

ఒరే చిన్నోడా,

పళ్ళెం క్షేమంగా చేరింది. మీ బావ అటకెక్కి ప్లేయరు దించి, దుమ్ముకి తుమ్మీ తుమ్మీ, చివరికి ముల్లు బిగించాడు. చిట్టి ముందు బిత్తరపోయి చూసింది, తర్వాత గెంతడం మొదలుపెట్టింది. కింది వాటావాళ్ళు కర్రతో కప్పు పొడిచేదాకా గెంతింది. బాగుందిరా. వెక్కిరించడానికి నాకేమీ దొరకలేదు. నాన్న ఉంటే "అర్థం కాలేదు గానీ ఆపకండి" అనేవాడు.

మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకుంటే మీ బావ నీకే మొదట ఫిర్యాదు చేసేవాడు కదా.

రావడం మాత్రం కుదరదు. సెలవు లేదు. నన్ను మైకు దగ్గర్నుంచి మార్చారు, పోయిన సామాన్ల గదిలో వేశారు. ఎవరో మర్చిపోయిన గొడుగులూ, టిఫిన్ డబ్బాలూ, ఒక చెప్పూ, వీటి మధ్య హాయిగానే ఉంది. అక్కడ ఎక్కువ మాట్లాడే పని లేదు. మైకు దగ్గర కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. పాపం, స్టేషన్ల పేర్లన్నీ ఒకే ఊపిరిలో మింగేస్తోంది.

గొంతు కూడా కాస్త బాగోలేదు, జలుబు. ఫోన్లో మాట్లాడితే ఇంకా రేగుతుంది. నువ్విలాగే ఉత్తరాలు రాస్తూ ఉండు. నీ కోడిగీతలు చదవడం నాకూ కాలక్షేపం. విడుదలకి వేరే ఎవరినైనా చూసుకో. హాల్లో చీకటిగానే ఉంటుందిగా, ఎవరు నిలబడితే ఏంటి?

అక్క


లాండ్రీ మీది గది,
సోమవారం

అక్కా,

ఎవరు నిలబడితే ఏంటా? ఆ మాట నువ్వే రాశావా, బావ రాశాడా?

సరే, విడుదల అయిపోయింది. నువ్వు లేకుండానే అయిపోయింది. హాలు నిండింది. దరువు ఆగినచోట నేను కళ్ళు మూసుకున్నా. నీ గొంతు రాగానే అంతమందీ ఒక్కసారి చేతులు పైకెత్తారు. ఎవరూ అరవలేదు. నా పక్కనున్న డీజే చెవిలో, "ఎవర్రా ఈవిడ?" అన్నాడు. "మా అక్క" అన్నాను. అంత గర్వంగా ఎప్పుడూ ఏ మాటా అన్లేదు నేను.

మొదట అచ్చేసినవన్నీ అయిపోయాయి, మళ్ళీ వేస్తున్నారు. కంపెనీ నన్ను ఒకటే పీకుతోంది, రెండో సింగిల్ ఎప్పుడు, ఆ గొంతు ఎప్పుడు అని. నేనిక్కడ ట్యూను కట్టి కూర్చున్నా. నడిమధ్యలో ఖాళీ వదిలి పెట్టా, నీ కోసం. జలుబు ఇన్నాళ్ళుంటుందా? నెలలు గడిచాయి. నామీద కోపముంటే తిట్టు. తిట్టినా రికార్డు చేసుకుంటా.

నువ్వు రాకపోతే నేనే వస్తా. వచ్చే ఆదివారం మైకు సంచీలో పెట్టుకుని బయల్దేరుతున్నా. మీ వంటింట్లోనే దుప్పట్లు కట్టి రికార్డు చేద్దాం. ఇంకేం సాకు చెప్తావో చెప్పు.

చిన్నోడు


స్టేషన్ క్వార్టర్స్, పై వాటా,
బుధవారం మధ్యాహ్నం

చిన్నోడా,

ఈ ఆదివారం రాకు. వచ్చి ఎదురుగా నిలబడితే అప్పుడు నీ మొహం నేను చూడాలి. ముందు చదువు, తర్వాత రా.

నీ దగ్గర్నుంచి వచ్చిన కొన్నాళ్ళకి మెడలో గోలీ అంత గడ్డ తగిలింది. తీసేయాలన్నారు, తీసేశారు. మంచి గడ్డేనట, అంటే చెడ్డది కాదట. గడ్డల్లో కూడా మంచీ చెడూ ఉంటాయి చూడు. కానీ గొంతుకి వెళ్ళే నరం దానికి అతుక్కుపోయి ఉంది. కొయ్యక తప్పలేదన్నాడు డాక్టరు. ఆయన్ని నేనేమీ అనను. మంచివాడు. చెబుతున్నప్పుడు ఆయనే కుర్చీ అంచుకి జరిగిపోయాడు.

తెలివొచ్చాక చిట్టిని పిలిచాను. నోరు కదిలింది. టైర్లోంచి గాలి పోయినట్టు పోయింది, అంతే. మత్తు దిగలేదేమో అనుకున్నా. మత్తు ఎప్పుడో దిగిపోయింది, మాట మాత్రం ఎక్కలేదు. ఏడాది చూద్దాం, వస్తే ఆలోపే రావాలి అన్నారు.

నీకు చెప్పొద్దని మీ బావ చేత ఒట్టు వేయించుకున్నా. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నాడంటే, ఎంత భయపడ్డాడో ఊహించుకో. అప్పుడే నీ పాట ఫ్యాక్టరీకి వెళ్తోంది. పెట్టె విప్పుకునే రోజున నీకు ఈ కబురు అందకూడదనుకున్నా. తర్వాత చెబుదామంటే, ఆ తర్వాత రానే రాలేదు.

ఇంకొక సంగతి రాయాలి. ఎవరితోనూ అనలేదు ఇది. అనడం అంటే ఏముందిలే ఇప్పుడు, రాయలేదు.

చిట్టి స్కూలు నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా నీ రికార్డు పెట్టమంటుంది. దరువు ఉన్నంతసేపూ గెంతుతుంది. ఆగినచోట పరిగెత్తుకెళ్ళి తలుపు వెనక దాక్కుంటుంది. "ఎక్కడున్నావు నువ్వు?" అని నా గొంతు అడుగుతుంది. తలుపు వెనక అది కిసుక్కుమంటుంది. వెతకాల్సింది నేను. వెళ్ళి వెతుకుతా. పట్టుకున్నాక "దొరికావే దొంగా" అనాలి కదా. చిట్టి తలెత్తి నా నోటి కేసి చూస్తూ ఉంటుంది. ఇంకా కాసేపు చూస్తుంది. తర్వాత "మళ్ళీ పెట్టు" అంటుంది.

ఆపేద్దామా అంటే, దానికి మిగిలింది అదే. పెడదామా అంటే నాకు ఊపిరాడదు. ఏం చెయ్యాలో నువ్వైనా చెప్పు.

అక్క


లాండ్రీ మీది గది,
ఏ వారమో

అక్కా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తూనే ఉన్నా. "నేనున్నా" అని రాస్తే నవ్వొచ్చింది. ఉండి ఏం చేస్తున్నా? నువ్వు హాస్పిటల్లో ఉన్నప్పుడు నేనిక్కడ నీ గొంతులోంచి గాలి చప్పుడు ఏరేస్తూ కూర్చున్నా. ఊపిరి పీల్చిన చోటల్లా శుభ్రంగా తీసేశా. ఆ ఊపిరులన్నీ ఇప్పుడు వెతుకుతున్నా, దొరకట్లేదు.

రెండో సింగిల్లో నీ గొంతు పెట్టకూడదని నిర్ణయించుకున్నా. ఆ ఖాళీని ఖాళీగానే వదిలేద్దామని కంపెనీకి వెళ్ళా. మేనేజరమ్మ నాకు కుర్చీ వేయించి, మంచినీళ్ళు తెప్పించి, అంతా విన్నది. కళ్ళు తుడుచుకుంది కూడా. తర్వాత చెప్పింది.

"మీరు ఆలస్యం చేస్తున్నారని ఆ రికార్డింగుని ఇంకో ప్రొడ్యూసరుకి ఇచ్చామండీ. ఆయన చేసేశాడు. ప్లేట్లు అచ్చవుతున్నాయి."

"ఆపండి."

"ఆపడం నా చేతుల్లో లేదు."

"మరెవరి చేతుల్లో ఉంది?"

నిజంగానే ఆలోచించింది అక్కా, నాకు అబద్ధం చెప్పాలని చూడలేదు. "ఏమోనండీ, నాకూ తెలీదు" అంది. ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. వాళ్ళు ఆర్డరిచ్చినవాళ్ళని అడగమన్నారు. ఆర్డరిచ్చింది తనే. కాగితాలు తెప్పించి చూపించింది. రికార్డింగు వాళ్ళది. నా సంతకం నల్లగా, గుండ్రంగా, ఎంతో సంతోషంగా ఉంది.

లేచి వస్తుంటే, "అయితే ఆ గొంతు ఇంక దొరకదన్నమాట" అంది మెల్లగా. అనేసి నాలుక కరుచుకుంది. కానీ అప్పటికే ఆ గదిలో ఇంకో ఇద్దరు విన్నారు.

వాళ్ళేం చేశారో నాకు వినిపించలేదు. ఎక్కడైనా విన్నావంటే, అది నాది కాదు.

చిట్టికి రికార్డు పెట్టాలో వద్దో అడిగావు. నాకు తెలీదక్కా.

చిన్నోడు


స్టేషన్ క్వార్టర్స్,
శనివారం

చిన్నోడా,

విన్నాను.

చిట్టికి స్కూలు బూట్లు బిగుతయ్యాయని పెద్ద వీధిలో దుకాణానికి తీసుకెళ్ళాం. అది బల్ల మీద కూర్చుని కాలు చాపింది, దుకాణం అమ్మాయి లేసు కడుతోంది. పైన స్పీకర్లో ఏదో ధనధన మోగుతోంది, నేను పట్టించుకోలేదు. ఉన్నట్టుండి దరువు ఆగింది. నా గొంతు.

"నువ్వు లేవు. లేవు. నువ్వు లేవు. లేవు."

నా మాటల్లో "ఎక్కడున్నావు" తీసేశారు. "ఇక్కడా", "అక్కడా" తీసేశారు. మిగిలిన రెండు ముక్కలూ అతికించారు. ఎంత బాగా అతికించారంటే, నేనే ఎప్పుడైనా అన్నానేమో అని నాకే అనుమానం వచ్చింది. ఆటలో అన్న మాట, దానిలో నవ్వు కూడా ఉంది. ఆ నవ్వుతోనే అంటున్నాను, నువ్వు లేవు, లేవు అని.

చిట్టి కాలు వెనక్కి లాక్కుంది. "అమ్మా, నేనున్నాగా" అంది.

ఏం చెప్పాలి? నోరు కదిపాను, గాలొచ్చింది. చేతులు ఊపాను, కాదు కాదు అని. దగ్గరికి తీసుకోబోతే బల్ల చివరికి జరిగింది. "ఉన్నా కదా, ఎందుకు లేనంటున్నావు?" అని గట్టిగా అడుగుతోంది, స్పీకర్ని కాదు, నన్ను. దుకాణంలో అందరూ చూస్తున్నారు. మీ బావ కౌంటరు దగ్గరకి పరిగెత్తి ఆపమన్నాడు. ఆ అమ్మాయి, "ఎందుకు సార్, కొత్త పాట, అందరూ ఇదే అడుగుతున్నారు" అంటూనే ఆపింది. ఆపేసరికి చిట్టి ఏడుపు ఒక్కటే మిగిలింది.

దానికింకా అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. నేనేం రాసి చూపించను? మీ బావ చెప్పాడు, "అమ్మ అలా అనలేదమ్మా" అని. "అమ్మ గొంతేగా" అంది.

నిన్నేమీ అనట్లేదు. నువ్వేమీ చేయలేవని తెలుసు. ఆ తెలియడమే బాధగా ఉంది. చిన్నప్పుడు నిన్నెవరైనా కొడితే వాళ్ళింటికెళ్ళి వీధంతా వినపడేలా దులిపేసేదాన్ని. ఇప్పుడెవరింటికి వెళ్ళను, వెళ్ళి ఏం చెయ్యను?

కుదిరితే రా. మైకు లేకుండా రా.

అక్క


లాండ్రీ మీది గది,
మంగళవారం

అక్కా,

దిగగానే రాస్తున్నా, సంచీ కూడా విప్పలేదు.

మీ ఇంట్లో ఉన్నంతసేపూ నేనూ సరిగ్గా మాట్లాడలేదు. నీ ముందు మాట్లాడాలంటే సిగ్గేసింది, ఆకలితో ఉన్నవాళ్ళ ముందు తిన్నట్టు. బావ ఒక్కడే ఇద్దరి తరఫునా మాట్లాడి మాట్లాడి, చివరికి ఆయనకీ గొంతు బొంగురుపోయింది. నువ్వు రాసి చూపించావు కదా, "ఇంట్లో ఇది అంటువ్యాధి" అని. నవ్వినట్టున్నా గానీ నవ్వలేదు.

నువ్వు డ్యూటీకి వెళ్ళినప్పుడు చిట్టికి చెప్పడానికి ప్రయత్నించా. నీకు చెప్పలేదు. లాప్‌టాప్ తెరిచి, దాగుడుమూతల ముక్క చూపించా. గొంతుంటే గీత ఎలా లేస్తుందో, లేకపోతే ఎలా పడుకుంటుందో. ఇదిగో ఇక్కడ కత్తిరించారు, ఇదిగో ఇక్కడ అతికించారు. పిల్ల శ్రద్ధగా చూసింది.

"అయితే అమ్మ అనలేదా, మామయ్యా?"

"అనలేదు."

"ముక్కలు మళ్ళీ మామూలుగా పెట్టు."

పెట్టాను. "ఎక్కడున్నావు నువ్వు" అని వచ్చింది. చిట్టి మొహం విప్పారింది. హమ్మయ్య అనుకున్నా. ఈ ఒక్క పనైనా నా చేత అయింది అనుకున్నా. అప్పుడడిగింది.

"హాస్పిటల్లో అమ్మ గొంతు కూడా ఇలాగే కోశారా?"

"అవును."

"అయితే అది కూడా అతికించు."

లాప్‌టాప్ మూసేశాను. బయట బాల్కనీలోకి వెళ్ళి, మీరు ఆరేసిన బట్టలు తడిగా ఉండగానే తీసి మడతపెట్టడం మొదలుపెట్టా. నువ్వొచ్చి చూసి "ఇవి ఇంకా ఆరలేదు" అని సైగ చేశావు. అందుకే అక్కా.

ఇక్కడికి వచ్చేసరికి వాళ్ళే చేయించేసిన మూడో సింగిల్ తలుపు దగ్గర పడి ఉంది. అట్ట మీద ఎర్ర స్టిక్కరు, "ఇక పాడని గొంతు" అని. మేనేజరమ్మ గదిలో నేను చెప్పుకున్నదే అచ్చేసి అతికించారు. నా పేరు తీసేయమని ఫోన్ చేశా. "అలాగే సార్" అన్నారు, వెంటనే. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నేను అడిగితే వాళ్ళు చేసిన పని అదొక్కటే.

ఒకటి అడగాలి. రైలు కదిలాక నువ్వు ప్లాట్‌ఫాం మీద నాలుగడుగులు దాంతో పాటు నడుస్తూ ఏదో అన్నావు. నీ పెదాలు కదలడం చూశాను. తలూపాను, అర్థమైనట్టు. అర్థం కాలేదక్కా. దారి పొడుగునా అదే ఆలోచించా. ఏమన్నావు?

చిన్నోడు


స్టేషన్ క్వార్టర్స్, పై వాటా,
ఆదివారం

చిన్నోడా,

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. ఏడాది నిండిందిగా. సన్నటి గొట్టం పెట్టి చూశాడు. గొంతులో ఉండే రెండు తీగల్లో ఒక పక్కది అస్సలు కదలడం లేదట. రెండో పక్కది పాపం ఆ దూరమంతా తనే వచ్చి ఆనాలని చూస్తోందట, అందడం లేదట. మెడ ఒక వైపుకి నొక్కిపెట్టి ఊదితే బొంగురుగా ఒక చప్పుడొస్తుంది. మాట కాదు గానీ, చప్పుడే. ఇంతకంటే ఆశ పెట్టుకోవద్దన్నాడు. మీ బావ "అలాగేనండీ" అన్నాడు, ఎవరో సీట్లోంచి లేవమన్నట్టు.

పెద్ద వీధిలో ఇంకా ఆ పాటే. మేం ఆ దారి మానేశాం, చుట్టూ తిరిగి వెళ్తున్నాం. ఒకరోజు సామాన్ల గదిలోకి ఒక కుర్రది గొడుగు కోసం వచ్చి, చెవుల్లో పెట్టుకున్నవి తీయకుండానే నాతో మాట్లాడింది. లోపలినుంచి సన్నగా వినపడుతోంది. నేనే. నేను గొడుగు తెచ్చి ఇచ్చాను. "థాంక్సండీ, మీరసలు మాట్లాడరేం?" అంది.

చిట్టి నీ రికార్డు ఈమధ్య తక్కువ అడుగుతోంది. దానికి నేనేదైనా చెప్పాలంటే చెవి నా పెదాలకి ఆనించి పెడుతోంది. చక్కిలిగింతలని నవ్వుతుంది, సగం వినదు. విన్న సగంలో సగం తప్పు. నిన్న "పళ్ళు తోముకో" అంటే "బళ్ళు తోలుకో"నా అని మీ బావ దగ్గరికి వెళ్ళి అడిగింది. అయినా మళ్ళీ వచ్చి చెవి పెడుతుంది.

మెడ నొక్కి ఆ చప్పుడు దానికింకా వినిపించలేదు. భయపడుతుందేమోనని. నాకే భయంగా ఉంది.

ప్లాట్‌ఫాం మీద ఏమన్నానని అడిగావు కదా. ఏమీ లేదురా. చేరగానే ఉత్తరం రాయమన్నాను.

అక్క